మా ఊరి ముచ్చట్లు: సీసాలో పల్లెటూరు

ఫార్మింగ్టన్ హిల్స్ దుకాణంలో ఫార్మ్‌హౌస్ ఏల్ తీసినప్పుడల్లా మా ఆవిడది ఒకటే ప్రశ్న: "ఒక్క సీసాకి అంత ధరేమిటండీ?"

బెల్జియం పల్లెల్లో పొలం పనివాళ్ళ కోసం కాచుకున్న బీరు ఇది. మన మిషిగన్‌లోని డెక్స్టర్‌లో 2004లో జాలీ పంప్‌కిన్ వారు ఆ బాట పట్టారు. మూతలేని తొట్లలో పులియబెట్టి, ఓక్ పీపాల్లో నెలల తరబడి ఉంచుతారు. గాలిలోని, కర్రలోని ఈస్టూ, బ్యాక్టీరియా కలిసి పులుపు తెస్తాయి. ఆ ఓపికకీ, చేతిపనికీ కట్టిన ధర అది.

మనకిది కొత్తా? తాటికల్లూ లొట్టిలో తనంతట తానే పులుస్తుంది. మోకు బిగించి, ప్రాణాలకు తెగించి చెట్టెక్కి దింపిన గీత కార్మికుడితో ఒకప్పుడు పావలాకి బేరమాడాను. ఇక్కడ మాట్లాడకుండా డాలర్లు తీసిస్తున్నాను.

ఈసారి ఊరెళితే బేరమాడనండీ!