జబ్బు ఇద్దరిది, నింద ఒక్కరిది

డిసెంబరు 1 ప్రపంచ ఎయిడ్స్ దినం. ఆ రోజు జిల్లా కేంద్రంలో ఒక ర్యాలీ, ఆసుపత్రి ఆవరణలో ఒక సభ, చొక్కాలకు ఎర్ర రిబ్బన్లు కనిపిస్తాయి. మర్నాటికి అంతా సద్దుమణుగుతుంది. గిట్టుబాటు ధర, కౌలు గుర్తింపు, ఎరువుల కొరత వంటి సమస్యలు ఇన్ని ఉండగా రైతు సంఘం పత్రికకు ఎయిడ్స్‌తో ఏం పని అని కొందరు మిత్రులు మమ్మల్ని అడిగారు. వారికి సమాధానంగా, మా కార్యాలయానికి వచ్చిన ఒక అర్జీ సంగతి చెబుతాం.

ఆమెకు ముప్పై ఏళ్లు దాటలేదు. భర్త పోయి ఏడాదైంది. రెండెకరాల మెట్ట, ఇద్దరు పిల్లలు. పాసు పుస్తకం తన పేరు మీదికి మారడం లేదని వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు బావగారు సంతకం పెట్టడం లేదని మాత్రమే చెప్పింది. మూడోసారి వచ్చినప్పుడు, గదిలో ఎవరూ లేకుండా చూసి, అసలు సంగతి చెప్పింది. భర్తకు హెచ్‌ఐవి ఉండేది. ఆయన నుంచి ఆమెకూ సోకింది. "మందుల మీద బతికే మనిషివి, నీకు భూమెందుకు? పిల్లల్ని మేం చూసుకుంటాం, వేలిముద్ర వెయ్యి" అంటున్నారట అత్తింటివారు. పరువు పోతుందన్న భయంతో పుట్టింటివారు కూడా వేసెయ్యమనే చెబుతున్నారట. ఇది వైద్యశాఖ ఒక్కటే తీర్చగల సమస్య కాదు. భూమి సమస్య, స్త్రీ హక్కు సమస్య, కాబట్టి మన సంఘం సమస్య.

దేశంలో హెచ్‌ఐవితో జీవిస్తున్నవారు సుమారు 25 లక్షల మంది అని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అంచనా. వారిలో నూటికి 40 మందికి పైగా స్త్రీలే. సంఖ్యలో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ముందు వరుసలో ఉన్నాయి. తెలంగాణలోనూ వ్యాప్తి జాతీయ సగటుకు మించే ఉంది. 2010 నుంచి కొత్తగా సోకేవారి సంఖ్య బాగా తగ్గిన మాట నిజం. అది సంతోషించవలసిన విషయమే. కానీ మన ఊళ్లలో ఈ జబ్బు గురించి మాట్లాడే తీరు మాత్రం పెద్దగా మారలేదు. ఇప్పటికీ దీన్ని నడవడిక సమస్యగానే చూస్తున్నారు. నడవడిక మాట వచ్చేసరికి వేలు ముందుగా ఆడదాని వైపే చూపిస్తుంది.

మన దేశంలో హెచ్‌ఐవి సోకిన స్త్రీలలో అత్యధికులకు అది భర్త ద్వారానే వచ్చింది. అంటే వారి మీదికి ప్రమాదం పెళ్లి ద్వారానే వచ్చింది. పైగా స్త్రీ పురుషుల మధ్య సంపర్కంలో పురుషుడి నుంచి స్త్రీకి సోకే అవకాశం ఎక్కువని వైద్యశాస్త్రం చెబుతోంది. శరీర నిర్మాణం ఒక కారణమైతే, ఇంట్లో మాట చెల్లకపోవడం అంతకన్నా పెద్ద కారణం. కండోమ్ వాడమని భర్తను అడగగల స్త్రీలు మన పల్లెల్లో ఎంతమంది ఉంటారు? ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలు ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. ఆపరేషన్ చేయించుకునే మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ అయిపోతుంది, ఆ తర్వాత కండోమ్ మాట ఎత్తితే భర్తను అనుమానించినట్టో, తానే అనుమానానికి లోనైనట్టో అవుతుంది. అందుకే చాలామంది నోరు మెదపరు.

దీనికి వ్యవసాయ సంక్షోభం తోడైంది. వాన లేక, బోరు ఎండిపోయి, అప్పు పెరిగితే పాలమూరు రైతు ముంబై, పుణె దారి పట్టాడు. అనంతపురం రైతు బెంగళూరు బస్సెక్కాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు భార్యాపిల్లలకు దూరంగా, రేకుల షెడ్లలో బతికే జీవితం అది. వలస పోయిన ప్రతివాడికీ జబ్బు వస్తుందని మేం అనడం లేదు. అలా అనడం వలస కూలీలను అవమానించడమే అవుతుంది. కుటుంబాలను విడదీసే సాగు విధానమే ఈ ప్రమాదాన్ని పెంచుతోందని మాత్రం చెప్పక తప్పదు. ఊళ్లో మిగిలిన భార్యకు భర్త ఆరోగ్యం ఎలా ఉందో అడిగే హక్కు లేదు, తెలుసుకునే వీలు లేదు.

జబ్బు బయటపడే క్రమం కూడా స్త్రీ మీదే దెబ్బ కొడుతోంది. గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్‌ఐవి పరీక్ష చేస్తారు. అది మంచి పని, ఆగకూడని పని. గర్భిణికి సకాలంలో మందులు మొదలుపెట్టకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు తల్లి నుంచి సోకే ప్రమాదం ఉంది. మందులు క్రమంగా వాడితే అది 5 లోపుకు పడిపోతుంది. అయితే ఈ పరీక్ష వల్ల చాలా ఇళ్లలో ముందు తెలిసేది కోడలి సంగతే. ముందు ఎవరిది బయటపడితే వాళ్లే ఇంట్లోకి తెచ్చారని నిర్ణయిస్తారు. భర్త పరీక్షకు రాడు. వచ్చినా బయటికి చెప్పడు. భర్తను కూడా అదే రోజున పిలిపించి, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే సగం నింద అక్కడే ఆగుతుంది.

ఆ తర్వాత చాకిరీ వస్తుంది. భర్త మంచాన పడితే సేవ చేసేది భార్య. పుస్తెలతాడు కుదువబెట్టేది ఆమె. తన జబ్బు సంగతి ఆమె చివర్లో చూసుకుంటుంది. 2004 ఏప్రిల్ నుంచి ఏ.ఆర్.టి. మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. 2017 నుంచి పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ ఆలస్యం లేకుండా మొదలుపెడుతున్నారు. రోజూ వేసుకుంటే మామూలు మనిషిలా పొలం పని చేసుకుంటూ ఏళ్ల తరబడి బతకవచ్చు. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే, సంపర్కం ద్వారా ఇతరులకు సోకదు కూడా. ఇంత మంచి మందు ఉన్నా, తీసుకురావడానికి ఆమె ఒక రోజు కూలి వదులుకోవాలి. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీ బస్సులో ఛార్జీ లేకపోవచ్చు, కూలి మాత్రం పోతుంది. ఎక్కడికి వెళుతున్నావని అడిగేవారికి ప్రతిసారీ ఒక అబద్ధం చెప్పాలి. చేతిలో నాలుగు రూపాయలు, పేరు మీద కాస్త నేల ఉన్న మనిషి మందు మానదు. ఇంట్లోంచి వెళ్లగొట్టిన మనిషి, తిండికి వెతుక్కునే మనిషి మానేస్తుంది. భూమి ఆమె చికిత్సలో భాగమని మేం అనేది ఇందుకే.

మరి చట్టం ఏం చెబుతోంది? 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా భర్త చనిపోతే భార్య మొదటి తరగతి వారసురాలు. పిల్లలతోనూ, అత్తగారితోనూ సమాన వాటా ఆమెది. అదే చట్టం 28వ సెక్షన్ మరొక మాట స్పష్టంగా చెప్పింది. ఏ జబ్బు కారణంగానూ, ఏ వైకల్యం కారణంగానూ ఎవరూ వారసత్వానికి అనర్హులు కారు. "జబ్బు మనిషివి, నీకు భూమెందుకు" అన్న మాటకు దాదాపు 70 ఏళ్ల క్రితమే జవాబు రాసి ఉంది. ఇతర మతాల స్త్రీలకు వారి వారసత్వ చట్టాల ప్రకారం వాటాలు వేరుగా ఉండవచ్చు, కానీ భర్త ఆస్తిలో భార్యకు హక్కు అక్కడా ఉంది.

2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగంలో, వైద్యంలో, చదువులో, ఆస్తి విషయంలో వివక్ష చూపరాదని అది చెబుతోంది. మనిషి సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితాన్ని బయటపెట్టరాదు. కుటుంబం ఉంటున్న ఇంట్లో నివసించే హక్కు ఉంది, వెళ్లగొట్టరాదు. చట్టాలు ఇంత బాగున్నా, వాటి పేరైనా ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలియజేసే పని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి.

ఆత్మహత్య చేసుకున్న రైతు భార్య విషయంలో మన సంఘం ఈ పని చేసింది. పరిహారం అత్తింటివారు పట్టుకుపోకుండా, అప్పులవాళ్లు ఎగరేసుకుపోకుండా ఆమె పక్కన నిలబడింది. ఆ అనుభవం ఇక్కడా పనికొస్తుంది. ప్రతి మండల కమిటీని మేం కోరేది నాలుగు పనులు.

ఒకటి, వితంతువుల పాసు పుస్తకాల అర్జీలు మీ దగ్గరికి వచ్చినప్పుడు జబ్బు గురించి అడగకండి. ఆమె చెబితే వినండి, బయట ఎక్కడా అనకండి. హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర వేయించే ముందు ఆమెకు న్యాయవాదితో మాట్లాడే అవకాశం కల్పించండి. మండల, జిల్లా న్యాయ సేవా సంస్థల్లో స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం ఉంది.

రెండు, భర్త బతికి ఉండగానే భూమిని ఇద్దరి పేరు మీద పెట్టించే ప్రచారం మొదలుపెట్టండి. తెలంగాణలో రైతు బీమా నామినీగా ఎవరి పేరు ఉందో ప్రతి సభ్యుడూ ఇంటికి వెళ్లి చూసుకోవాలి.

మూడు, రెండు రాష్ట్రాల్లోనూ సామాజిక పింఛన్ల జాబితాలో హెచ్‌ఐవి సోకినవారు ఉన్నారు. ఏ కేటగిరీ కింద వస్తోందో ఊరందరికీ తెలుస్తుందన్న భయంతో దరఖాస్తు పెట్టనివారూ ఉన్నారు. కేటగిరీ బయటపడకుండా పింఛను ఇవ్వాలని అధికారులను నిలదీయండి.

నాలుగు, మగవాళ్లతో మాట్లాడండి. ఇంతకాలం ఈ విషయాన్ని ఆడవాళ్ల సమావేశాలకే వదిలేశాం. వలస వెళ్లివచ్చిన సోదరులు, లారీ డ్రైవర్లు, మన కమిటీ సభ్యులు స్వయంగా పరీక్ష చేయించుకుంటే, అది పది ఉపన్యాసాల పెట్టు. ప్రభుత్వ పరీక్షా కేంద్రాల్లో పరీక్ష ఉచితం, గోప్యం. సందేహాలుంటే 1097కు ఫోన్ చేయవచ్చు.

మా కార్యాలయానికి వచ్చిన ఆ తల్లి ఇంకా వేలిముద్ర వేయలేదు. అర్జీ రెవెన్యూ కార్యాలయంలో నడుస్తోంది. ఈ ఖరీఫ్‌లో ఆ రెండెకరాల్లో కంది ఆమే వేసింది. పంట చేతికొచ్చే నాటికి పాసు పుస్తకం కూడా ఆమె చేతికి రావాలని, అంతవరకు మన సంఘం ఆమె వెంట తిరగాలని మేం కోరుకుంటున్నాం. ఇలాంటి తల్లి మీ మండలంలోనూ ఉండే ఉంటుంది. మూడోసారి వచ్చేదాకా ఆగకుండా మొదటిసారే తన మాట చెప్పుకోగలిగేలా మీ కార్యాలయం తలుపు తెరిచి ఉంచండి.