కాగితం ఎంతవరకు చెబుతుంది?

మా పెదనాన్నగారింట్లో పాత కత్తి పిడి ఒకటి ఉండేది. ఇనుము మీద వెండి తీగతో పొదిగిన పూలు. కత్తి మాత్రం ఎప్పుడో పోయింది. పిల్లలం దాంతో రాజులాట ఆడుకునేవాళ్లం. ఓ సంక్రాంతికి ఇల్లు దులుపుతూ దాన్ని పాత ఇనుములో వేసి తూకానికి అమ్మేశారు. అది ఎవరిదో, ఎక్కడి పనో తెలిసిన తాతయ్య అప్పటికే లేరు.

ఆమధ్య పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినప్పుడు ఆ పిడే గుర్తొచ్చింది. ఆయుధాలతోపాటు జపాన్ వస్తువులూ అక్కడి సేకరణలో ఉన్నాయి, సమురాయ్ కత్తులతో సహా. జపాన్ కత్తికి పిడికీ అలుగుకీ మధ్య ఒక బిళ్ల ఉంటుంది. దాన్ని 'త్సుబా' అంటారు. చేతికి రక్షణ అది. 1876లో అక్కడి ప్రభుత్వం సైనికులు, పోలీసుల వంటివారు తప్ప మిగతావారు బయట కత్తి ధరించకూడదంది. ఆ తరవాత ఎన్నో త్సుబాలు కత్తుల నుంచి విడిపోయి దేశాలు దాటాయి. మా పిడిలాగే!

అయితే జపాన్‌లో వాటికి కాగితాలు రాసే పెద్దలున్నారు. కళాత్మక ఖడ్గాల పరిరక్షణకు 1948లో అక్కడో సంఘం ఏర్పడింది. వస్తువును పంపితే నిపుణులు పరీక్షిస్తారు. ఫొటో, ముద్రలతో పత్రమిస్తారు. అందులో 'మెయ్' అంటే పనివాడి సంతకం. 'ముమెయ్' అంటే సంతకం లేదని. 'దెన్' అని ఉంటే ఫలానా వారి పనిగా భావిస్తున్నామని. 'హోజోన్' అంటే భద్రపరచదగినదని. 'తోకుబెత్సు హోజోన్' దానికంటే ఓ మెట్టు పైది. 'జుయో' ఇంకా పైది.

పత్రం చేతికొస్తే మొదట చేయాల్సిన పని ఒక్కటే. అందులోని ఫొటోనీ చేతిలోని వస్తువునీ పక్కపక్కన పెట్టి చూడటం. అసలు పత్రానికి వేరే వస్తువును జతచేసి అమ్మేవాళ్లు ఎక్కడైనా ఉంటారు మరి! 1982కు ముందునాటి పాతరకం పత్రమైతే మళ్లీ పరీక్షకు పంపుకోవడం మంచిదంటారు తెలిసినవాళ్లు. ఇంకో మాట. పత్రంలో ధర ఉండదు. వస్తువు మీదేనన్న హామీ కూడా ఉండదు. అది నిపుణుల అభిప్రాయం, అంతే.

మన దగ్గర పురావస్తువుల చట్టం 1972లో వచ్చింది. నూరేళ్లు దాటిన కళాఖండాన్ని సొంతదారు తనంతట తాను విదేశాలకు పంపడానికి ఆ చట్టం ఒప్పుకోదు. చట్టం వస్తువును దేశం దాటకుండా ఆపగలదు. కానీ అది తాతయ్యదని, పెళ్లిలో ఫలానావారు ఇచ్చారని ఏ చట్టమూ ఏ నిపుణుడూ చెప్పలేరు.

ఆ కాగితం ఇంట్లోవాళ్లే రాయాలి. ఖర్చేమీ లేదు. వస్తువుకు ఫొటో తీసి, వెనక నాలుగు ముక్కలు రాయండి. ఎవరిది, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఏ ఊరు. తెలిసిందే రాయండి, ఊహిస్తే 'అనుకుంటున్నాం' అని రాయండి. జపాన్ పెద్దలు 'దెన్' అని రాసినట్టే.

ఈ ఆదివారమే అటక మీది పెట్టె దించి, అమ్మమ్మనో తాతయ్యనో పక్కన కూర్చోబెట్టుకోండి. మాకు ఆ నాలుగు ముక్కలు రాసి ఉంటే, ఆ పిడి తూకానికి పోయేది కాదు.