పొగమంచు కప్పుకున్న పెప్సీ పెవిలియన్
కళాకారుడు ఊహిస్తే ఇంజినీరు బిగిస్తాడన్న పాత లెక్క 1970లో జపాన్‌లోని ఒసాకాలో జరిగిన ప్రపంచ ప్రదర్శన ఎక్స్‌పోలోని పెప్సీ పెవిలియన్ దగ్గర చెల్లలేదు. బెల్ ల్యాబ్స్ ఇంజినీరు బిల్లీ క్లూవర్ ముందుండి నడిపిన ‘ఎక్స్‌పెరిమెంట్స్ ఇన్ ఆర్ట్ అండ్ టెక్నాలజీ’ బృందం దాన్ని తీర్చిదిద్దింది. బృందంలోని కళాకారిణి ఫుజికో నకాయాకు రసాయనాల పొగ అక్కర్లేదు, మనుషులు తిరగగల నీటి మంచే కావాలి. భౌతిక శాస్త్రవేత్త థామస్ మీ సన్నటి నాజిల్స్‌లోంచి నీళ్లు చిమ్మించి, పైకప్పును మంచుతో ముంచెత్తాడు. గాలి ఎటు మళ్లితే ఆ మంచు శిల్పం అటు! ముంగిట్లో కళాకారుడు రాబర్ట్ బ్రీర్ చేసిన తెల్ల గుమ్మటాలు, ఒక్కొక్కటి ఆరడుగుల ఎత్తు, చప్పుళ్లు చేస్తూ నత్తకే ఓపిక నేర్పేంత నెమ్మదిగా పాకేవి. దేన్నైనా తాకితే దారి మార్చుకునేవి. లోపల మైలార్ పొరతో చేసిన బ్రహ్మాండమైన అద్దపు అర్ధగోళం, 37 స్పీకర్ల మధ్య తిరిగే, సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ కూర్చిన ధ్వని. ఇందులో కళ ఎంత, యంత్రవిద్య ఎంత అని తూకం వేయబోవడం దండగ. అయినా ఇలాంటి ఇన్‌స్టలేషన్ల పక్కన బోర్డు మీద తరచూ ఒక్క కళాకారుడి పేరే వెలుగుతుంది. సర్క్యూట్లు అల్లినవాళ్లది ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటే గొప్ప. ఇది మర్యాద కాదు, న్యాయమూ కాదు. పోనీ ఒసాకాలోనైనా అంతా సవ్యంగా సాగిందా అంటే, ఎక్కడ! ఖర్చు దగ్గర పేచీ ముదిరి, ఎక్స్‌పో నడుస్తుండగానే పెప్సీ ఆ బృందాన్ని పక్కకు తప్పించి నిర్వహణ తన చేతుల్లోకి తీసుకుంది.