ముందు ఎవరి చెమట కొలవాలి?

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి బ్యాడ్మింటన్ స్మాష్ వేగాన్ని 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో కొలిచారు. గంటకు 565 కిలోమీటర్లు! గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ అంకె కోనసీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇవాళ పెద్ద క్రీడల్లో కొలవనిదంటూ లేదు. గుండె వేగం, నిద్ర, తిండి, ఆఖరికి చెమట కూడా. అదే అమలాపురం చుట్టుపక్కల తోటల్లో మే నెల ఎండలో కొబ్బరి దింపు తీసే మనిషి ఒంట్లోంచి పూటకి ఎంత నీరు, ఎంత ఉప్పు పోతోందని అడిగే నాథుడు లేడు.

చెమట కొలిచే పట్టీలు వచ్చి పదేళ్లు దాటింది. 2016 జనవరిలో బర్క్‌లీలో అలీ జావీ బృందం తయారుచేసిన పట్టీ వివరాలు ‘నేచర్’ పత్రికలో అచ్చయ్యాయి. చేతికో నుదుటికో కట్టుకుంటే చాలు, చెమటలోని గ్లూకోజు, లాక్టేటు, సోడియం, పొటాషియం ఎంతున్నాయో, చర్మం ఎంత వేడెక్కిందో అప్పటికప్పుడు ఫోనుకు పంపుతుంది. అదే ఏడాది నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జాన్ రోజర్స్ బృందం బ్యాటరీ అక్కర్లేని మెత్తటి బిళ్లను చూపించింది. రూపాయి బిళ్లకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆ బిళ్లలో వెంట్రుకవాసి కాలువలుంటాయి. చెమట వాటిలోకి పారి రంగు మారుస్తుంది. ఆ రంగును ఫోను కెమెరాతో చదువుతారు. అరిజోనాలో సుదూరపు సైకిల్ పందెంలో పాల్గొన్న వారికి దాన్ని అంటించి పరీక్షించారు. 2021 నాటికి గేటొరేడ్ కంపెనీ ఇలాంటి పట్టీని అంగళ్లలోకి తెచ్చేసింది. కొన్నది ఎవరు? వ్యాయామానికి వెళ్లేవారు, పరుగు పందేల వారు. చెమట పట్టాలని కోరి పట్టించుకునే వారన్నమాట.

చెమటను చూసి జబ్బు చెప్పడం మాత్రం కొత్త విద్య కాదు. 1948లో న్యూయార్క్‌ను వడగాడ్పులు కమ్మినప్పుడు, సిస్టిక్ ఫైబ్రోసిస్ ఉన్న పిల్లలు మిగతావారికంటే తొందరగా సొమ్మసిల్లడం పాల్ డి సాంటాగ్నీస్ అనే వైద్యుడు గమనించాడు. వాళ్ల చెమటలో ఉప్పు మితిమీరి పోతోందని 1953లో తేల్చాడు. ఆ జబ్బుకు ఇప్పటికీ చెమట పరీక్షే ప్రామాణికం. ఆ పిల్లల సంగతిని బయటపెట్టింది ఎండ. ఎండ ఇక్కడా ఉంది.

కోనసీమ ఎండ తీరు వేరు. రెంటచింతలలో మాదిరి పాదరసం 45 దాటకపోవచ్చు. గౌతమి, వశిష్ఠల నడుమ, ఓ పక్క సముద్రం, ఎటు చూసినా కాలువలూ చెరువులూ ఉన్న నేల ఇది. ఇక్కడ చంపేది ఉక్కపోత. లీటరు చెమట ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలో కేలరీల వేడి పోతుంది. ఆవిరి కాకుండా ధారకట్టి నేలరాలిన చెమట ఒంటిని చల్లబరచదు. నీరూ ఉప్పూ దండగ. గాలిలో తడి ఎక్కువున్న రోజున జరిగేది అదే. అందుకే ఉష్ణోగ్రత ఒక్కటే చూసి ‘ఇవాళ ఎండ ఫర్వాలేదు’ అనుకోవడం ఇక్కడ ప్రమాదం. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడదెబ్బకు పోయారు. అలాంటి రోజుల్లోనూ దింపు ఆగదు, ఒలుపు ఆగదు, రొయ్యల చెరువులో మేత చల్లడం ఆగదు.

బొండం చేతిలో ఉండగా భయమేమిటని కోనసీమవాళ్లకు ఓ ధీమా. బొండం నీళ్లు మంచివే. కానీ వాటిలో దండిగా ఉండేది పొటాషియం, సోడియం తక్కువ. చెమటలో ప్రధానంగా పోయేది సోడియం. అది కూడా మనిషికో తీరు: లీటరు చెమటలో కొందరికి అర గ్రాము కూడా పోదు, కొందరికి గ్రామున్నర దాటుతుంది. చొక్కా మీద తెల్లటి చారలు కట్టే మనిషికీ కట్టని మనిషికీ అదే తేడా. ఉప్పేసిన మజ్జిగ, చద్దన్నం, తరవాణి పొలానికి కట్టుకెళ్లిన పాతతరం చేసిన పని సరైనదే. ఎవరికి ఎంత ఉప్పు కావాలన్నది చెప్పడానికి పట్టీ నిజంగా పనికొస్తుంది. రక్తపోటు ఉన్నవారు, మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఉప్పు విషయంలోనూ, బొండాల విషయంలోనూ వైద్యుణ్ణి అడిగి తీరాలి.

మూత్రపిండాల మాట వస్తే ఉద్దానం గుర్తుకు రాక మానదు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి వైపు అది కూడా కొబ్బరి సీమే. అక్కడ వేలమందిని పీల్చేస్తున్న కిడ్నీ జబ్బుకు కారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. నీటినీ, పురుగుమందులనూ, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా చేసే చాకిరీనీ అనుమానిస్తున్నారు. మధ్య అమెరికా చెరకు తోటల్లో ఇలాంటి జబ్బే ఉంది. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో పనివాళ్లకు నీళ్లు, నీడ, వేళకు విశ్రాంతి ఇచ్చి చూశారు. నికరాగువాలో మూత్రపిండాలకు తగిలే దెబ్బ తగ్గింది. కోనసీమకు ఉద్దానం గతి పట్టకూడదంటే జబ్బు వచ్చాక డయాలసిస్ మంచాలు వేయడం కన్నా ముందు చేయాల్సింది ఇదే.

పట్టీని నెత్తికెత్తుకోవడమూ తప్పే. అంటించిన చోట చెమటను బట్టి ఒళ్లంతటి లెక్కను అంచనా వేస్తుంది, అంతే. చెమటలోని గ్లూకోజు రక్తంలోని దానితో పోలిస్తే బహు స్వల్పం, దాన్ని నమ్మి ఇన్సులిన్ వేసుకోకూడదు. చర్మానికి సూది గుచ్చకుండా షుగరు చెబుతామనే గడియారాలను, ఉంగరాలను నమ్మవద్దని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది కూడా.

మరి ఇప్పుడు చేయగలిగేదేమిటి? తోట దగ్గర ఓ తూకం యంత్రం పెట్టవచ్చు. పనికి ముందు, పనయ్యాక బరువు చూసుకుంటే తగ్గిన ప్రతి కిలో దాదాపు లీటరు నీరు. అరవై కిలోల మనిషి కిలోంపావు తగ్గాడంటే చెట్టెక్కకూడని స్థితికి వచ్చాడన్నమాట. తల తిరిగితే పొలంలో కూలబడతాం, కొబ్బరి చెట్టు మీద ఆ వీలు లేదు. పట్టీలతో పరిశోధన చేయాలంటే అమలాపురంలో వైద్య కళాశాల ఉంది, అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రం ఉంది. ఒక వేసవి, కొన్ని తోటలు, ఒప్పుకున్న దింపు కార్మికులు చాలు.

ఒక షరతు ఉండాలి. ఆ అంకె కార్మికుడిది. మేస్త్రీ చేతికి పోతే ‘ఈయన తొందరగా డస్సిపోతాడు, రేపటి నుంచి వద్దు’ అనడానికి పనికొస్తుంది. చెట్టుకింత అని కూలి కట్టే చోట ఆగి నీళ్లు తాగిన ప్రతి నిమిషమూ మనిషి సొంత జేబులోంచే పోతోంది. ఆ నిమిషాలకు కూడా కూలి కట్టేలా తోటల యజమానులు, దింపు సంఘాలు వచ్చే వేసవికి ముందే కూర్చుని ఒప్పందం రాసుకోవాలి.