జరగని గోల్‌ని ఎలా లెక్కపెడతావ్ మామా?

మనకు తొలకరి పడే టైమ్‌కి ఇంగ్లండ్‌లో సమ్మర్ మొదలవుతుంది. లీగ్ అయిపోతుంది, ఆటగాళ్లు బీచ్‌లకి పోతారు, ఫ్యాన్స్ మాత్రం డ్యూటీ ఎక్కుతారు. ఆగస్టు చివరిదాకా ఒకటే గోల: ఎవడొస్తున్నాడు, ఎవడు పోతున్నాడు, ఎంతకి? మా వాట్సాప్ గ్రూపు సీజన్ మధ్యలో కంటే జూన్, జులైలోనే ఎక్కువ మోగుతుంది. గచ్చిబౌలిలో కోడ్ రాసేవాళ్లు, వైజాగ్‌లో బీటెక్ చదివే తమ్ముళ్లు, డాలస్ నుంచి అర్ధరాత్రి మెసేజ్‌లు పెట్టే ఒక అన్న. ఎవరి క్లబ్ వాళ్లది. నాది ఆర్సెనల్ (సానుభూతి వద్దు, అలవాటైపోయింది).

ఫార్వర్డ్‌ల మీద గొడవైతే తొందరగా తేలిపోతుంది. ఎన్ని గోల్స్ కొట్టాడు, ఎన్ని కొట్టించాడు, అంతే. డిఫెండర్ల దగ్గరికొచ్చేసరికే తలనొప్పి. ఒకడు టాకిల్స్ పట్టిక పట్టుకొస్తాడు. ఇంకొకడు హెడర్ల శాతం. మూడోవాడు చేప ముల్లులా కనిపించే రాడార్ చార్ట్ ఒకటి పడేసి, "96 పర్సంటైల్ మామా, ఇంకేం కావాలి?" అంటాడు. జేఈఈ రాసిన జనాలం కదా, పర్సంటైల్ అన్న మాట వినగానే సగం మంది సైలెంట్ అయిపోతారు. నేను అవ్వను. రోజూ డేటాతోనే బతికేవాణ్ని కాబట్టి నా మొదటి అనుమానం ఎప్పుడూ డేటా మీదే.

ఎందుకో చెప్పడానికి ఒక సీన్ కావాలి. 2019 మార్చి 31. ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్, టాటెన్‌హామ్. స్కోరు 1-1, ఆట చివరికొచ్చింది. టాటెన్‌హామ్ కౌంటర్ ఎటాక్. బంతి మూసా సిసోకో దగ్గరుంది. పక్కనే సన్ హ్యూంగ్ మిన్ పరిగెత్తుతున్నాడు. ఎదురుగా ఒకే ఒక్క డిఫెండర్, వర్జిల్ వాన్ డైక్. ఇద్దరి మీద ఒకడు. మీరో నేనో అయితే బంతి మీదకి దూకేవాళ్లం. వాన్ డైక్ దూకలేదు. వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, సన్‌కి పాస్ వెళ్లే దారి మూసేస్తూ, సిసోకోని బాక్స్ దాకా రానిచ్చాడు. సన్ దగ్గరికి బంతి వెళ్తే అది గోలే. సిసోకో కుడికాలి వాటం వాడు, పైగా గోల్స్ కొట్టడంలో పెద్ద పేరున్నవాడేం కాదు. చివరికి ఎడమకాలితో కొట్టాల్సొచ్చింది. బంతి బార్ పైనుంచి ఎటో పోయింది. ఆఖరి నిమిషాల్లో టాటెన్‌హామ్ వాళ్లే సెల్ఫ్ గోల్ వేసుకోవడంతో లివర్‌పూల్ 2-1తో గెలిచింది.

ఇప్పుడు స్టాట్స్ షీట్ తీయండి. ఆ మూవ్‌లో వాన్ డైక్ పేరు మీద టాకిల్ లేదు. ఇంటర్‌సెప్షన్ లేదు, బ్లాక్ లేదు, క్లియరెన్స్ లేదు. అతను బంతిని తాకనే లేదు. షీట్‌లో పడింది ఒకటే ఎంట్రీ: సిసోకో, షాట్, ఆఫ్ టార్గెట్. ఆ సీజన్‌లోనే గొప్ప డిఫెండింగ్ ఏది అంటే చాలామంది చూపించే క్లిప్ అది, డేటాబేస్‌లో మాత్రం అది సిసోకో చేసిన తప్పుగా మిగిలింది.

ఆ 2018-19 సీజన్ మొత్తంలో లీగ్‌లో ఒక్క ఆటగాడు కూడా బంతితో వాన్ డైక్‌ని దాటి పోలేదన్న లెక్క అప్పట్లో తెగ తిరిగింది. ఆగస్టు 2019లో మా పెపే దాటాడు. 50 లీగ్ మ్యాచ్‌ల తర్వాత మొదటివాడు! ఆ మ్యాచ్ మేం 3-1తో ఓడిపోయాం, అది వేరే సంగతి. కానీ ఆ లెక్క కూడా ఎంత వింతదో చూడండి. చాలామంది అసలు దాటడానికి ట్రై కూడా చెయ్యలేదు. అతను నిలబడ్డ వైపు వదిలేసి ఇంకో వైపుకి పోయేవాళ్లు. ఆ భయాన్ని ఏ కాలమ్‌లో రాస్తారు?

మా ఫీల్డ్‌లో ఇది బాగా తెలిసిన బాధే. రాత్రి 2 గంటలకి ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే లేచి ఫిక్స్ చేసినవాడికి మెయిల్‌లో చప్పట్లు, అప్రైజల్‌లో మంచి రేటింగ్. మూడేళ్లుగా ఒక్కసారి కూడా పడిపోని మాడ్యూల్ రాసిన అమ్మాయి అదే రూమ్‌లో కూర్చుని ఉంటుంది. ఆమె పేరు మీద ఒక్క టికెట్ కూడా లేదు, కాబట్టి "విజిబిలిటీ పెంచుకో" అని సలహా. నేను పనిచేసిన ఒక చోట కళ్లారా చూశాను. ఆమె తర్వాత కంపెనీ మారింది. ఆ తర్వాత ఆర్నెల్లలో ఆ మాడ్యూల్ మీద ఎన్ని టికెట్లొచ్చాయో చెప్పను, మీరే ఊహించుకోండి.

సరిగ్గా ఇలాంటి కథే ఫుట్‌బాల్‌లో 2001లో జరిగింది. మాంచెస్టర్ యునైటెడ్ సెంటర్ బ్యాక్ యాప్ స్టామ్. అలెక్స్ ఫెర్గూసన్ అతన్ని ఉన్నట్టుండి లాజియోకి అమ్మేశాడు, 16 మిలియన్ పౌండ్లకు పైగా. స్టామ్ రాసిన ఆత్మకథ వల్లే గొడవొచ్చిందని పేపర్లు రాశాయి. గాయం తర్వాత స్టామ్ జోరు తగ్గిందనిపించింది, మంచి రేటు వచ్చింది అని ఫెర్గూసన్ తర్వాత చెప్పుకున్నాడు. 'సాకర్‌నామిక్స్' పుస్తకంలో సైమన్ కూపర్, స్టెఫాన్ సిమాన్‌స్కీ ఇంకో కారణం రాశారు: మ్యాచ్ డేటాలో స్టామ్ చేసే టాకిల్స్ సంఖ్య తగ్గింది, అంటే అతని పని అయిపోయిందని ఫెర్గూసన్ అనుకున్నాడని. అతని స్థానంలో వచ్చింది 35 ఏళ్ల లారాన్ బ్లాన్. ఆ సీజన్‌లో యునైటెడ్ మూడో స్థానంలో ఆగింది. అయిపోయాడనుకున్న స్టామ్ తర్వాత ఏసీ మిలాన్‌కి వెళ్లి 2005 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడాడు. అతన్ని అమ్మడం పొరపాటేనని ఫెర్గూసనే ఒప్పుకున్నాడు.

టాకిల్స్ తగ్గాయంటే కాళ్లు మొద్దుబారి ఉండొచ్చు. లేదా ఎక్కడ నిలబడాలో ముందే తెలిసి, కింద పడాల్సిన అవసరమే తగ్గి ఉండొచ్చు. అంకె ఒకటే, అర్థాలు రెండు. ఏది నిజమో మ్యాచ్ చూస్తేనే తెలుస్తుంది.

ఇంకో చిన్న మెలిక ఉంది. మ్యాచ్‌లో 65 శాతం బంతి నీ టీమ్ దగ్గరే ఉంటే, నీ డిఫెండర్‌కి టాకిల్ చేసే ఛాన్స్ ఎక్కడిది? బంతి ఎదుటోళ్ల దగ్గరుంటేనే కదా లాక్కునేది. అందుకే క్లియరెన్స్‌లు, బ్లాక్‌ల పట్టికల్లో పైన ఎక్కువగా కనిపించేది రోజంతా దాడులు కాచుకునే జట్లవాళ్లే. జేమ్స్ టార్కోవ్‌స్కీ బర్న్‌లీలో ఉన్నప్పుడూ అంతే, ఎవర్టన్‌లోనూ అంతే. మంచి డిఫెండరే, కాదనను. కానీ ఆ అంకెల్లో సగం అతనివి, సగం అతని టీమ్ కష్టాలవి. ఈ తేడా తగ్గించడానికే అనలిస్టులు పొసెషన్‌ని బట్టి లెక్క సరిచేస్తారు. గ్రూపులో చార్ట్ పడేసేవాడిని "ఇది సరిచేసిన లెక్కేనా?" అని ఒకసారి అడిగి చూడండి. నూటికి తొంభై సార్లు రిప్లై రాదు.

ఇంత చెప్పి, అంకెలే వద్దంటున్నానని అనుకోకండి. "నేను కళ్లతో చూశా" అనే బ్యాచ్ ఇంకా ప్రమాదం. వాళ్లు చూసేది పది నిమిషాల యూట్యూబ్ హైలైట్స్, దాని వెనక హార్డ్ బేస్ మ్యూజిక్. నేను నమ్మే లెక్క ఒకటుంది: ఆ మనిషి లేనప్పుడు ఏమైంది?

మా సలీబాదే తీసుకోండి. 2022-23 సీజన్. ఆర్సెనల్ మొదటి 27 లీగ్ మ్యాచ్‌లూ విలియం సలీబా ఆడాడు. ఇచ్చిన గోల్స్ 25. మార్చి 16న యూరోపా లీగ్‌లో స్పోర్టింగ్ లిస్బన్ మీద ఆడుతూ వెన్నుకి గాయం. మిగిలిన 11 మ్యాచ్‌లలో ఇచ్చిన గోల్స్ 18. మ్యాచ్‌కి ఒకటి లోపు ఉన్నది ఒకటిన్నర దాటింది. లివర్‌పూల్‌తో 2-2, వెస్ట్ హామ్‌తో 2-2, ఆఖరి స్థానంలో ఉన్న సౌతాంప్టన్‌తో సొంత గ్రౌండ్‌లో 3-3, తర్వాత సిటీ చేతిలో 4-1. చేతిదాకా వచ్చిన టైటిల్ పోయింది. మరుసటి సీజన్‌లో సలీబా 38 మ్యాచ్‌లూ, ప్రతి నిమిషమూ ఆడాడు. ఇచ్చిన గోల్స్ 29, లీగ్ మొత్తంలో అందరికంటే తక్కువ.

మా లివర్‌పూల్ అన్న వెంటనే బ్రేక్ వేశాడు. "11 మ్యాచ్‌లే కదరా, అందులో సిటీ మ్యాచ్ కూడా ఉంది. పైగా అదే రోజు తోమియాసు కూడా గాయపడ్డాడు." కరెక్టే. శాంపిల్ చిన్నది, మారింది ఒక్కటే కాదు. అన్న క్లబ్‌లోనూ అదే చిక్కు. 2020 అక్టోబర్‌లో వాన్ డైక్ మోకాలు పోయాక, మరుసటి ఏడాది మొదట్లో లివర్‌పూల్ సొంత గ్రౌండ్‌లో వరసగా 6 లీగ్ మ్యాచ్‌లు ఓడింది. అంతకుముందు అదే గ్రౌండ్‌లో 68 లీగ్ మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడిన జట్టది. కానీ గోమెజ్, మాటిప్ కూడా ఆ సీజన్‌లోనే గాయాలతో పోయారు, కాబట్టి మొత్తం వాన్ డైక్ ఖాతాలో వెయ్యలేం. అయినా టాకిల్స్ పర్సంటైల్ కంటే ఈ లెక్క నాకు ఎక్కువ చెప్తుంది. కనీసం సరైన ప్రశ్న అడుగుతుంది.

ఆ కంగారులో లివర్‌పూల్ 2021 ఫిబ్రవరి 1న ప్రెస్టన్ నుంచి బెన్ డేవిస్ అనే సెంటర్ బ్యాక్‌ని కొంది. అతను లివర్‌పూల్ తరఫున ఒక్క అఫీషియల్ మ్యాచ్ కూడా ఆడకుండానే వెళ్లిపోయాడు. వచ్చిన రోజున మాత్రం మా గ్రూపులో అతనికీ ఒక రాడార్ చార్ట్ ఉండేది.

సమ్మర్ ఆశల అసలు ఇబ్బంది ఇదే. మనకి ఇప్పుడే కావాలి. "హియర్ వీ గో" అని ఫాబ్రిజియో రొమానో పోస్ట్ పెట్టగానే కప్పు గెలిచినంత సంబరం. ఇదే సలీబాని ఆర్సెనల్ 2019 జులైలో 27 మిలియన్ పౌండ్లకి కొన్నప్పుడు అతనికి 18 ఏళ్లు. ముందు సెంటెటియెన్‌లోనే ఉంచారు, తర్వాత నీస్‌కి, ఆ తర్వాత మార్సెయ్‌కి లోన్. ఆర్సెనల్ మొదటి టీమ్‌లో లీగ్ మ్యాచ్ ఆడింది 2022 ఆగస్టులో. మూడేళ్లు! మధ్యలో "అసలు ఈ మనిషి ఉన్నాడా, ఫొటోషాపా" అని మా మీద వచ్చిన మీమ్స్‌కి లెక్కే లేదు. అవి వేసింది మనం. భరించింది ఇంగ్లిష్ చానెల్ అవతల ఉన్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు.

అదే 2019 సమ్మర్‌లో యునైటెడ్ హ్యారీ మగ్వైర్‌ని 80 మిలియన్లకి కొంది, అప్పటికి డిఫెండర్లలో వరల్డ్ రికార్డ్. ఆ రేటు పెట్టింది అతను కాదు, కానీ ఆ 80ని ప్రతి పొరపాటు పక్కనా రాసింది మాత్రం మనమే. చివరికి అతన్ని జనం మళ్లీ ఎప్పుడు నెత్తిన పెట్టుకున్నారు? 2025 ఏప్రిల్‌లో లియాన్ మీద 121వ నిమిషంలో హెడర్‌తో విన్నింగ్ గోల్ కొట్టినప్పుడు. డిఫెండర్‌ని క్షమించడానికి కూడా మనకి గోలే కావాల్సొచ్చింది.

డబ్బు సంగతి కూడా గ్రూపులో సగం మందికి పట్టదు. 60 మిలియన్లకి కొంటే క్లబ్ పుస్తకాల్లో ఆ ఏడాదే 60 పడదు. కాంట్రాక్ట్ అయిదేళ్లయితే ఏడాదికి 12 చొప్పున. చెల్సీ ఎనిమిదేళ్ల కాంట్రాక్టులు ఇచ్చి ఈ ముక్కల్ని ఇంకా చిన్నవి చేసుకుంది, దాంతో అయిదేళ్లకి మించి విడగొట్టొద్దని రూల్ పెట్టారు. సొంత అకాడమీ కుర్రాణ్ని అమ్మితే మాత్రం వచ్చిందంతా లాభమే. కాబట్టి "ఒకణ్ని అమ్మి ఇద్దర్ని కొనేద్దాం" అని మనం ఈజీగా అనేస్తాం కదా, ఆ అమ్మేవాడు చాలాసార్లు ఎనిమిదో ఏట నుంచి అదే జెర్సీ వేసుకున్నవాడు అవుతాడు.

ఈ సమ్మర్‌కి నా కోరిక చిన్నదే. సలీబా, గాబ్రియెల్ ఇద్దరిలో ఒకరు రెండు నెలలు దూరమైనా ఇల్లు కూలకుండా నిలబెట్టే మూడోవాడు ఉండాలి. చార్ట్‌లో మెరవక్కర్లేదు. పొసెషన్ ఎక్కువుండే జట్టులో, వెనకాల నలభై గజాల ఖాళీ వదిలేసి నిలబడ్డ అనుభవం ఉంటే చాలు.

నిన్న రాత్రి వైజాగ్ తమ్ముడు ఒక పేరు, దాని కింద ఒక చార్ట్ పెట్టాడు. "అన్నా, టాకిల్స్ చూడు, పిచ్చెక్కిపోద్ది." అతని టీమ్ టేబుల్‌లో ఎక్కడుందో చూశాను. కింద నుంచి మూడోది. ఫుల్ మ్యాచ్ లింక్ ఏదైనా ఉంటే పంపమన్నాను, అది కూడా వాళ్లు ఓడిపోయింది కాకుండా 0-0 అయినది. ఇంకా వెతుకుతున్నాడు.