నేరం స్విచ్‌ది కాదు!

పాత కారులో హెడ్‌లైటు వెలగలేదంటే మొదట దొరికిపోయే దొంగ స్విచ్చే. డాష్‌బోర్డు మీద కళ్ళెదురుగా ఉంటుంది. లాగితే లైటు రావాలి, రాలేదు... ఇంకేం, స్విచ్ పోయింది! యజమాని ఆ మాటే చెబుతాడు. మెకానిక్ కొత్తది తెచ్చి బిగిస్తాడు. ఆ పూటకి వెలుగొస్తుంది. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్ళీ అదే కథ. ఈసారి కాలిన వాసన అదనం!

బ్రిటన్‌లోని పాత కార్ల అభిమానులు ఈ కోపమంతా విద్యుత్ పరికరాలు తయారుచేసిన లూకాస్ కంపెనీ మీద చూపిస్తుంటారు. దాని వ్యవస్థాపకుడు జోసెఫ్ లూకాస్‌కి ‘చీకటి యువరాజు’ అని బిరుదు కూడా తగిలించారు. లూకాస్ స్విచ్‌కి మూడే స్థానాలట... ఆఫ్, మసక, మిణుకు మిణుకు! నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. కానీ కాలిపోయిన స్విచ్‌ని విప్పి చూస్తే చాలాసార్లు తేలేది వేరు. అది నేరస్తుడు కాదు, బాధితుడు.

మన దగ్గర ఆ వంశానికి చెందిన కారు అంబాసిడర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1950ల చివర్లో తయారుచేయడం మొదలుపెట్టింది. అంటే, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీకీ దీనికీ దాదాపు ఒకటే ఈడు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మేలో ఉత్పత్తి ఆగిపోయింది. అయినా తాతల నాటి బండిని అమ్మడానికి మనసొప్పక షెడ్డులో ఉంచుకున్నవాళ్ళు కృష్ణా డెల్టాలో ఇప్పటికీ ఉన్నారు. ఇంట్లో పెళ్ళయితే తుడిచి, పూలదండ వేసి బయటికి తీస్తారు.

పగలు తీస్తే చిక్కు లేదు. తిరుగు ప్రయాణం చీకటిపడ్డాకైతేనే అసలు పరీక్ష. డెల్టాలో చాలా రోడ్లకి ఒక పక్క కాలువ ఉంటుంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ... గట్ల మీద మలుపులకు లెక్కలేదు. కరకట్ట మీదైతే రాత్రిపూట ఎదురొచ్చే బండి లైట్లు తప్ప మరో వెలుగు కనపడని చోట్లున్నాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఉన్నట్టుండి లైట్లు ఆరిపోయి, డ్రైవరు తేరుకుని బ్రేకు తొక్కేసరికి రెండు సెకన్లు పట్టిందనుకోండి. 33 మీటర్లు కటిక చీకట్లో పోయినట్టే. మలుపు దగ్గర కారు కాలువలో పడటానికి అందులో సగం చాలు.

కాలేది ఎందుకు?

ఆ తరం అంబాసిడర్‌కి 45/40 వాట్ల మామూలు బల్బులుండేవి. రెండు లైట్లూ కలిపి 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఏడున్నర ఆంపియర్ల కరెంటు లాగేవి. స్విచ్‌ని ఆ లెక్కకి తగ్గట్టే తయారుచేశారు. తర్వాత హాలోజన్లు వచ్చాయి. 60/55 వాట్ల బల్బులు పెడితే కరెంటు 10 ఆంపియర్లవుతుంది. ‘ఇంకా వెలుగు కావాలి’ అని 100 వాట్ల బల్బులు వేయిస్తే దాదాపు 17! బల్బు మారింది, బరువు పెరిగింది. మోసేది మాత్రం ఆ పాత స్విచ్చే.

దీనికి తోడు మన గాలి. కాలువల చెమ్మ, బందరు వైపు వెళితే ఉప్పు గాలి. స్విచ్ లోపలి ఇత్తడి ముక్కల మీద చిలుము పడుతుంది. అవి ఒకదానికొకటి గట్టిగా ఆనవు. అక్కడ ఒక ఓమ్‌లో పదోవంతు నిరోధం పెరిగితే చాలు, 10 ఆంపియర్ల దగ్గర 10 వాట్ల వేడి పుడుతుంది. స్విచ్ లోపల చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టి మరిచిపోయినట్టన్నమాట! అదే 17 ఆంపియర్లయితే వేడి 28 వాట్లకు చేరుతుంది. కరెంటు రెట్టింపు కాకపోయినా వేడి దాదాపు మూడు రెట్లవుతుందని గమనించండి.

నష్టం అక్కడితో ఆగదు. 10 ఆంపియర్ల దగ్గరే స్విచ్‌లో ఒక వోల్టు హరించుకుపోతుంది. 12 వోల్టుల్లో ఒకటి పోతే ఎంతలే అనుకుంటాం కానీ, బల్బు వెలుతురు దాదాపు పావువంతు తగ్గిపోతుంది. ‘వెలుగు చాలడం లేదు’ అని యజమాని ఇంకా పెద్ద బల్బు వేయిస్తాడు. స్విచ్ ఇంకాస్త కాలుతుంది. పాత కార్ల లైట్ల కథంతా ఈ సుడిలోనే తిరుగుతుంటుంది.

ముందు జబ్బేమిటో చూడండి

స్విచ్ మీద చెయ్యి వేసేముందు ఐదు నిమిషాలు పరీక్ష చేసుకుంటే సగం ఖర్చు తప్పుతుంది.

ఒకవైపు లైటే వెలగకపోతే స్విచ్ జోలికి వెళ్ళొద్దు. బల్బో, ఆ లైటు ఎర్త్ వైరో చూడాలి. రెండు లైట్లూ డిమ్‌లో వెలిగి బ్రైట్‌లో వెలగకపోయినా, బ్రైట్‌లో వెలిగి డిమ్‌లో వెలగకపోయినా అనుమానించాల్సింది డిప్పర్ స్విచ్‌ని. చాలా పాత అంబాసిడర్లలో అది క్లచ్ పక్కన, కాలితో నొక్కేలా ఉంటుంది. పొలం నుంచి వచ్చిన బురద చెప్పుల తడంతా తాగేది అదే! పార్కింగ్ లైట్లు వెలుగుతూ హెడ్‌లైట్లు రెండూ, రెండు రకాలుగానూ వెలగకపోతే... అప్పుడు డాష్‌బోర్డు స్విచ్ దగ్గరికి రావాలి.

లైట్లు వేసి ఉంచి, మల్టీమీటరు కొసల్లో ఒకటి స్విచ్‌లోకి కరెంటు వచ్చే చోట, రెండోది హెడ్‌లైట్లకి వెళ్ళే చోట ఆనించండి. మంచి స్విచ్ అయితే మీటరులో వోల్టులో చిన్న భాగమే కనిపిస్తుంది. అర వోల్టు దాటితే స్విచ్ అలసిపోయినట్టు. ఒక వోల్టు చూపిస్తే దాన్ని విప్పాల్సిందే.

విప్పడం ఇలా

మొదటి పని బ్యాటరీ ఎర్త్ వైరు తీసేయడం. ఇది మొక్కుబడి జాగ్రత్త కాదు. ఆ తరం బ్రిటిష్ డిజైన్లలో చాలావాటికి హెడ్‌లైట్ల దారిలో ఫ్యూజ్ ఉండదు. తాళం తీసేసినా స్విచ్‌కి వచ్చే గోధుమరంగు వైరులో కరెంటు ఉంటుంది. స్పానర్ జారి బాడీకి తగిలితే కాలిపోయేది ఫ్యూజ్ కాదు, వైరింగే. చేతికి ఉంగరం, స్టీలు వాచీ ఉంటే అవీ తీసి పక్కన పెట్టండి.

రెండోది, వైర్లు విప్పకముందే సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోవడం. లూకాస్ పద్ధతి వైరింగ్‌లో గోధుమరంగు బ్యాటరీ నుంచి వచ్చేది, నీలం హెడ్‌లైట్లకు వెళ్ళేది, ఎరుపు పార్కింగ్, టెయిల్ లైట్లది. నీలం మీద తెల్లచార ఉంటే బ్రైట్, ఎర్రచార ఉంటే డిమ్. నలుపు ఎర్త్. అయితే నలభై యాభై ఏళ్ళలో ఎన్ని చేతులు మారిందో! రంగుని నమ్మకుండా ఒక్కో వైరుకీ టేపు చుట్టి నంబరు వేసుకోవడమే మేలు.

లాగే రకం స్విచ్ అయితే నాబ్‌ని జాగ్రత్తగా చూడండి. కొన్నింటికి అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. సన్నని మేకుతో లోపలి పిన్ను నొక్కితే నాబ్ బయటికొస్తుంది. కొన్ని మర తిప్పితే వస్తాయి. బలంగా లాగితే విరిగేది నాబే, అలాంటిది మళ్ళీ దొరకడం కష్టం. తర్వాత ముందున్న గుండ్రటి నట్టు విప్పితే స్విచ్ డాష్‌బోర్డు వెనక్కి జారుతుంది. వైర్లు పట్టుకుని లాగొద్దు. పాత తొడుగు గట్టిపడి ఉంటుంది, వంచితే పెళుసుగా విరుగుతుంది. తర్వాతి మోడళ్ళలో డాష్‌బోర్డులూ స్విచ్‌లూ మారాయి కాబట్టి, మీ బండిది ఏ రకమో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

తీసిన స్విచ్‌కి నల్లబడిన టెర్మినల్ ఉంటే, దానికి తగిలించిన వైరు కొస కూడా కాలి ఉంటుంది. రాగి మెరిసేదాకా కత్తిరించి, కొత్త లగ్ బిగించాలి. ఈ పని వదిలేసి కొత్త స్విచ్ వేస్తే, పాత జబ్బుని కొత్త ఒంట్లోకి ఎక్కించినట్టే. కొత్త స్విచ్‌ని బిగించకముందే మీటరుతో ఒక్కో స్థానం పరీక్షించుకోవాలి. బిగించాక ఇంజిన్ ఆన్‌లో ఉంచి పావుగంట లైట్లు వేసి, స్విచ్ ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి చురుక్కుమంటే పని పూర్తవనట్టే.

అసలు మందు రిలే

విజయవాడలో కారు విడిభాగం అనగానే గుర్తొచ్చేది 1960ల్లో మొదలైన జవహర్ ఆటోనగర్. ‘స్విచ్ పోయింది మేస్త్రీ, కొత్తది వేసెయ్యండి’ అంటే అనుభవమున్న ఎలక్ట్రీషియన్ వెంటనే తలూపడు. ‘బల్బులేం వేశారు సార్?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగినవాడి చేతికి బండి ధైర్యంగా ఇవ్వచ్చు.

జవాబు హాలోజన్ అయితే మందు రిలే. అగ్గిపెట్టెంత కూడా ఉండని ఈ పెట్టె, స్విచ్ మోసే బరువుని తాను మోస్తుంది. స్విచ్ ‘వెలిగించు’ అని చిన్న సైగ మాత్రం చేస్తే చాలు. ఆ సైగకి ఆంపియర్‌లో ఐదోవంతు కూడా పట్టదు. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ ద్వారా రిలేకి, అక్కడినుంచి నేరుగా లైట్లకి వెళుతుంది. రిలే కాళ్ళ దగ్గర అంకెలుంటాయి. 30 బ్యాటరీకి, 87 లైటుకి, 86 స్విచ్ నుంచి వచ్చే సైగకి, 85 ఎర్త్‌కి. డిప్పర్ తర్వాత బ్రైట్‌కి ఒకటి, డిమ్‌కి ఒకటి పెడితే కాలికింద స్విచ్‌కీ భారం తగ్గుతుంది. రెండింటికీ వేరువేరు ఫ్యూజులుంటే ఒకటి పోయినా రెండోది వెలుగుతుంది. కరకట్ట మీద ప్రాణం కాపాడేది ఆ రెండోదే. రిలే వేయించాం కదా అని 100 వాట్ల బల్బుల జోలికి మాత్రం వెళ్ళొద్దు. ఎదురుగా వచ్చే సైకిలు మనిషికి కళ్ళు కనపడకుండా చేసే వెలుగు మనకెందుకు?

ఇందులో ఇంకో లాభం ఉంది. బరువు తగ్గింది కాబట్టి పాత స్విచ్‌నే బాగుచేసి వాడుకోవచ్చు. లోపలి ఇత్తడిని సన్నని జీరో పేపరుతో చిలుము పోయేదాకా రుద్ది, స్ప్రింగ్ బిగువు చూసుకుంటే చాలు. కాలి కరిగిపోతే తప్ప దాన్ని పారేయనక్కర్లేదు. అసలు రూపానికి విలువుంది. 2021 జులైలో కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని సొంత వాహనాలను వింటేజ్‌గా ప్రత్యేక నంబరుతో రిజిస్టర్ చేయించుకోవచ్చు. రిలేలు బానెట్ కింద ఎవరికీ కనపడవు. డాష్‌బోర్డు మీద తాతగారు లాగిన నాబ్ అలాగే ఉంటుంది.

స్విచ్ ఖరీదు ఎంతైనా కావచ్చు. అది ఎందుకు కాలిందో అడగకుండా మార్చేస్తే మాత్రం ఆ డబ్బు కాలువలో పోసినట్టే. డబ్బుతో పోతే అదృష్టం!