బొమ్మల సినిమాయే కదా అని కూర్చుంటే...

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చి పత్రిక అందుకున్న మీకు ముందుగా ఓ ప్రశ్న. సినిమా చూసి కొంగు తడిసేలా ఏడ్చి ఎన్నాళ్ళయింది? చాలామంది ఏ సావిత్రి సినిమా పేరో చెబుతారు. బొమ్మల సినిమా చూసి ఏడ్చానని ఎవరైనా అంటే మాత్రం పక్కకి తిరిగి నవ్వుకుంటాం. బొమ్మలంటే పిల్లల్ని కూర్చోబెట్టి మన పని మనం చేసుకోవడానికే కదా!

జపాన్ వాళ్ళు తీసే బొమ్మల సినిమాల్ని 'యానిమే' అంటారు. కాలేజీకి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళల్లో ఈ మాట ఈపాటికి అరిగిపోయి ఉంటుంది. మనవాళ్ళతో కలిసి వాళ్ళు 1992లో తీసిన రామాయణం 2025 జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా కూడా తెలుగులో వచ్చింది. ఆ కథలో అన్న తన చెల్లెల్ని చెక్కపెట్టెలో కూర్చోబెట్టి వీపున మోసుకు తిరుగుతాడు. కత్తియుద్ధాల మాట ఎలా ఉన్నా, పిల్లల్ని కట్టిపడేసేది ఆ పెట్టేనని నాకనిపిస్తుంది.

చెల్లెల్ని వీపున మోసిన అన్న కథ ఇంకొకటుంది. అందులో కత్తులూ లేవు, రాక్షసులూ లేరు. పేరు 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్', అంటే మిణుగురుల సమాధి. 1988లో స్టూడియో జిబ్లీ అనే సంస్థ తీసింది. దర్శకుడు ఇసావో తకహతా. 2024 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లోకి రావడంతో మన దేశంలోనూ ఇంట్లో కూర్చుని చూసే వీలు కలిగింది. నిడివి గంటన్నర. ఇది యుద్ధం సినిమా అని అందరూ చెబుతారు. నన్నడిగితే ఇది వంటింటి సినిమా. ఎందుకో చెబుతాను, మీరే తేల్చండి.

1945 జూన్. జపాన్‌లో కోబే అనే రేవు పట్టణం మీద అమెరికా విమానాలు నిప్పుల బాంబులు కురిపిస్తాయి. పద్నాలుగేళ్ళ సైతా, నాలుగేళ్ళ చెల్లెలు సెట్సుకోని వీపున కట్టుకుని పరిగెడతాడు. అమ్మ ఒళ్ళంతా కాలి చనిపోతుంది. నాన్న నౌకాదళంలో ఉన్నాడు, ఉత్తరం లేదు. పిల్లలిద్దరూ ఊరవతల పిన్ని వరసయ్యే ఒకావిడ ఇంటికి చేరతారు. వస్తూ వస్తూ, ఇంటి దగ్గర పాతిపెట్టుకున్న తిండి సామానంతా బండి మీద వేసుకొస్తాడు సైతా. పిన్ని మొహం వెలిగిపోతుంది. ఇంట్లో సరుకులు నిండుకున్నప్పుడు సంచీతో వచ్చిన చుట్టానికి ఎలాంటి మర్యాద జరుగుతుందో మీకు నేను చెప్పాలా!

ఆ సామాను అయిపోతుంది. అక్కణ్ణుంచి సినిమా అంతా గరిటె చుట్టూ తిరుగుతుంది. "మీ అమ్మ ఇక ఈ కిమోనోలు కట్టదు కదా, అమ్మి బియ్యం తెద్దాం" అంటుంది పిన్ని. మన పట్టుచీరల లాంటివే అవి. నిద్రలోంచి లేచిన సెట్సుకో అమ్మ బట్టలు తీసుకుపోవద్దని గుండెలు పగిలేలా ఏడుస్తుంది. సైతా మాత్రం జాడీలో పోస్తున్న తెల్లటి బియ్యం వంక చూస్తుంటాడు. ఆకలి ఎలాంటిదో ఆ ఒక్క చూపులో తెలిసిపోతుంది.

కొన్నాళ్ళకి ఆ బియ్యం కూడా ఇద్దరికీ దక్కదు. పనికి వెళ్ళే కూతురికీ, ఇంట్లో ఉంటున్న మనిషికీ అన్నం ముద్దలు కట్టి ఇస్తుంది పిన్ని. పిల్లలకి జావ. గరిటె గిన్నె అడుగుదాకా వెళితే మెతుకులొస్తాయి, పైపైన ముంచితే నీళ్ళే. ఎవరికి అడుగునుంచి, ఎవరికి పైనుంచి అన్నది ఆవిడ చెయ్యే చెబుతుంది. "దేశం కోసం పనిచేసేవాళ్ళకీ, ఊరికే కూర్చునే మీకూ ఒకే తిండా?" అని నోటితో కూడా అంటుంది. ఆ బియ్యం మనవే కదా అని చిన్నది అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు.

ఇక్కడే ఆగి మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆ పిన్ని మీద మీకు కోపం వచ్చిందా? రావాలి. నాకూ వచ్చింది. అయితే రెండోసారి చూసినప్పుడు ఆవిడ చేతిలోని గిన్నె ఎంత చిన్నదో కూడా కనిపించింది. రేషన్ కాలం, ఊరంతా కొరత, కూతురు రోజూ పనికి పోవాలి. పైగా ఈ పిల్లాడు తిని గిన్నెలు కూడా కడగడు, బడికీ పోడు, పనికీ పోడు. ఆవిడ పిల్లల్ని కొట్టదు, తరిమెయ్యదు. ఎత్తిపొడుస్తుంది, అంతే. గరిటె చేతిలో ఉన్నప్పుడు మన పిల్లకి మీగడ తరకా, ఊరినుంచి వచ్చి మనింట్లో ఉండి చదువుకునే తోడికోడలి పిల్లకి పలచటి పెరుగూ పడ్డ రోజు ఏ ఇంట్లోనూ లేదంటారా? మనం ఎవరం రాక్షసులం కాదు. ఆవిడా కాదు. అందుకే ఆ కోపం టీవీ కట్టేశాక కూడా ఎటూ పోక మన దగ్గరే మిగిలిపోతుంది.

సైతా కూడా తక్కువవాడేం కాదు. రోషం ఎక్కువ. మాట పడలేక కుంపటి ఒకటి కొనుక్కొచ్చి విడిగా వండుకోవడం మొదలుపెడతాడు. 'వేరు కుంపటి' అని మనం మాటవరసకి అంటామే, అక్కడ నిజంగా అదే జరుగుతుంది. ఆ తర్వాత చెల్లెల్ని తీసుకుని చెరువు పక్కన ఖాళీగా పడున్న బాంబుల గుహలోకి వెళ్ళిపోతాడు. ఓ రైతు, "తప్పయిందని చెప్పి మళ్ళీ ఆవిడ దగ్గరికే వెళ్ళు నాయనా" అని మంచి చెబితే చెవిన పెట్టడు. ఇది కేవలం యుద్ధాన్ని తిట్టే సినిమా కాదని తకహతా కూడా చెప్పుకొచ్చారు. నలుగురికీ దూరంగా ఇద్దరే బతికేద్దామనుకున్న పిల్లల కథ ఇది.

సైతా దగ్గర ఒక రేకు డబ్బా ఉంటుంది, రంగురంగుల చప్పరించే బిళ్ళల డబ్బా. సాకుమా అనే కంపెనీది. మొదట బిళ్ళలు గలగలమంటాయి. తర్వాత అడుగున అంటుకుని రావు. అవీ అయిపోయాక సైతా డబ్బాలో నీళ్ళు పోసి బాగా కుదిపి ఇస్తే, సెట్సుకో తాగి, అన్ని రుచులూ ఇందులోనే ఉన్నాయని మురిసిపోతుంది. హార్లిక్స్ సీసా అడుగున నీళ్ళు పోసి కలిపిచ్చిన చేతులు మనవి. ఆ ముద్దు మాటకి నవ్వుకుంటాం. ఆ నవ్వుకి వెల తర్వాత కట్టాల్సొస్తుంది. సినిమా చివరికొచ్చేసరికి ఆ పిల్ల గోళీల్లాంటి ఆట బిళ్ళల్ని నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంటుంది. ఆకలికి పిల్లకి ఏది ఏదో తెలియని స్థితి. మట్టిని ముద్దలు చేసి, అన్నం పెడుతున్నానంటూ అన్నకి అందిస్తుంది. మన పిల్లలు ఆడే గుజ్జనగూళ్ళే కదూ! అదే ఆట అక్కడ చూస్తే కన్ను తిప్పుకోవాలనిపిస్తుంది. డాక్టరు చూసి, పోషకాహారం పెట్టమంటాడు. ఎక్కణ్ణుంచి తేవాలో ఆయన చెప్పడు.

ఆ పిల్ల పోతుంది. దాచాల్సిన రహస్యమేం కాదులెండి, సినిమా మొదలవడమే సైతా తను చనిపోయిన తేదీ చెప్పుకోవడంతో మొదలవుతుంది. రైల్వే స్టేషన్లో పనివాడు ఆ పాత డబ్బాని చీకట్లోకి విసిరేస్తే, మూత ఊడి అందులోంచి చిన్న చిన్న ఎముకలు రాలతాయి. చుట్టూ మిణుగురులు లేస్తాయి. ముగింపు ముందే చెప్పేశారు కనుక "ఏమవుతుందో" అన్న ఆత్రం మనకి ఉండదు. ప్రతి చిన్న సంతోషాన్నీ గుండె చిక్కబట్టుకుని చూడటమే మన పని.

నన్ను పూర్తిగా ఓడించిన చోటు చావు కాదు, ఆ తర్వాతది. చెరువు అవతలి ఇంటివాళ్ళు తిరిగొచ్చి గ్రామఫోను పెడతారు. ఆ పాట వినబడుతుండగా, అన్న తిండి కోసం తిరుగుతున్న రోజుల్లో సెట్సుకో ఒక్కర్తీ ఆ గుహ దగ్గర ఏం చేసేదో చూపిస్తారు. కుడుతుంది, ఆడుకుంటుంది, నీళ్ళలో తన నీడ చూసుకుంటుంది, ఎదురుచూస్తుంది. ఉద్యోగానికో, ఆసుపత్రికో, చావుకో పుట్టుకకో పిల్లని వదిలి వెళ్ళిన ఏ తల్లికైనా, నేను లేనప్పుడు ఇది ఏం చేసిందో అనే ఆరాటం తెలుసు. ఆ ఆరాటాన్ని బొమ్మలుగా గీసి చూపించారు.

మరి ఇది మనుషులతో తీస్తే ఇంతకన్నా ఏడుస్తాం కదా అంటారేమో. నాకలా అనిపించదు. నాలుగేళ్ళ నిజమైన పిల్లని అలా శుష్కింపజేసి చూపడం సాధ్యమూ కాదు, చూడటం మన తరమూ కాదు. గీసిన మొహంలో గీతలు నాలుగే ఉంటాయి, మిగతా ముఖం మన పిల్లదే తెచ్చి అతికించుకుంటాం. వాళ్ళు పడ్డ శ్రమ కూడా చిన్నది కాదు. సెట్సుకో గొంతు పెద్దవాళ్ళు చిన్నపిల్లలా మాట్లాడింది కాదు, నిజంగా అయిదారేళ్ళ పాపది. ముందు ఆ పాప మాటలు రికార్డు చేసుకుని, వాటికి తగ్గట్టు తర్వాత బొమ్మలు గీశారు. బొమ్మల అంచు గీతలు మామూలుగా నలుపులో గీస్తారు. ఇక్కడ చాలావరకు గోధుమరంగు వాడారు. అందుకేనేమో ఆ ఒళ్ళు మెత్తగా, తాకితే వేడిగా ఉంటుందన్నట్టు కనిపిస్తుంది.

కథ రాసింది అకియుకి నోసాకా, 1967లో. ఆయన బతుకులోదే ఇది. యుద్ధకాలంలో ఏడాది దాటిన చెల్లెలు ఆయన చూస్తుండగానే తిండి లేక పోయింది. కథలో అన్న చెల్లెలికి తినిపిస్తాడు. నిజంలో తాను అంత మంచిగా లేననీ, ఆకలికి ఆగలేక ఆ పసిదాని వంతు కూడా తానే తిన్నాననీ ఆయన చెప్పుకున్నారు. చెయ్యలేకపోయినదంతా కథలో చేశారన్నమాట. 2015లో ఆయన పోయేదాకా ఆ బరువు దించుకున్నట్టు లేదు. తకహతాకీ ఆ మంటలు తెలుసు. తొమ్మిదేళ్ళ వయసులో ఒకయామా ఊరి మీద బాంబులు పడిన రాత్రి, రాత్రి బట్టలతోనే అక్క వెంట పరిగెత్తారు. ఆయన 2018లో కన్నుమూశారు. అన్నట్టు, ఆ ఎర్ర డబ్బా బిళ్ళలు తయారుచేసే కంపెనీ కూడా 2023 జనవరిలో మూతపడింది.

ఇక పిల్లలకి చూపించాలా వద్దా అన్న విషయం. పదేళ్ళలోపు వాళ్ళకి వద్దంటాను. వాళ్ళకి 'మై నైబర్ టొటోరో' పెట్టండి. మియజాకి తీసింది. తమాషా ఏమిటంటే, జపాన్‌లో 1988 ఏప్రిల్ 16న ఈ రెండు సినిమాలూ జంటగా, ఒకే టిక్కెట్టు మీద విడుదలయ్యాయి! అందులోనూ నాలుగేళ్ళ పిల్లే, మే అని. అందులోనూ అమ్మ ఇంట్లో ఉండదు, ఆసుపత్రిలో ఉంటుంది. మియజాకి తల్లి కూడా ఆయన చిన్నతనంలో ఏళ్ళ తరబడి క్షయతో మంచాన ఉన్నారు. అక్క పొద్దున్నే లేచి క్యారేజీలు కడుతుంది. చిన్నది అమ్మకి తినిపించాలని మొక్కజొన్న కండె ఒకటి గుండెలకి హత్తుకుని ఒంటరిగా బయల్దేరుతుంది. ఆ కండె అమ్మకి చేరుతుంది.

పెద్ద పిల్లలతో 'మిణుగురులు' చూసేట్టయితే రాత్రి భోజనాలయ్యాక పెట్టుకోండి, తినేముందు వద్దు. కింద ఇంగ్లీషులో మాటలు వస్తుంటాయి, చదవడం కష్టమైతే పిల్లల్నే చెప్పమనండి. మరునాడు పొద్దున అన్నం వడ్డిస్తున్నప్పుడు వాళ్ళు పిన్నిది తప్పా, అన్నది తప్పా అని వాదన మొదలుపెడతారు. వాదించుకోనివ్వండి. మీరు ఎవరి పక్షమో మాకు కార్డు ముక్క రాసి పంపితే, వచ్చే వారాల్లో మాట్లాడుకుందాం.